తోకల డబ్బా

కత్తెర జారి ఉంటుంది, అంతే, అంతకు మించి ఏమీ ఉండదు, ఈ రోజు లైబ్రరీ ఆవిడకి ఉద్యోగంలో ఆఖరి రోజు, బీరువాల తాళాలు అప్పజెప్పాలి, రిజిస్టర్లు కొత్తావిడకి చూపించాలి, సాయంత్రం తమ్ముడు కారు తీసుకొస్తానన్నాడట, ఇంత హడావిడిలో ఏది తలో ఏది తోకో చూసుకోకుండా అతికించేసి ఉంటుంది, అని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను, ఎదురుగా క్లాసు మొత్తం కాగితాలు తిరగేసి బోర్లేసి చూస్తోంది, వెనక ఏమైనా ఉందేమోనని, వెనక ఏమీ లేదు, ముందు కూడా పెద్దగా ఏమీ లేదు, తెల్లకాగితం నడుమ నాలుగు వేళ్ల వెడల్పున రెండంటే రెండు వాక్యాలు, కిటికీ పక్కన కూర్చునే పొడుగమ్మాయి లేచి, సార్, దీనికి మొదలు లేదండీ, అంది, మొదలు లేకపోవడమేమిటమ్మా, మనకి ఎప్పుడూ లేనిది చివర కదా, అన్నాను, ఈసారి చివర మాత్రమే ఉంది సార్, మిగతాదే లేదు, అంది, వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు, నేను నా చేతిలో ఉన్న కాగితం అప్పుడు చూశాను, జిరాక్సులన్నిటికీ అసలు అది, పత్రికలోంచి కత్తిరించి బంకతో అతికించిన ముక్క, బంక ఇంకా పూర్తిగా ఆరలేదు, వేలికి అంటుకుంది, "అతను గోడగడియారం దించి, సంచిలో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగాడు. పైనుంచి ఆమె నవ్వు వినిపించింది", అంతే ఉంది, ఎవరతను, ఎవరామె, ఎవరి గోడ, ఏమీ లేదు.

మామూలుగా అయితే నేను తోక కోయించి తల ఇస్తాను, అదే నా పాఠం, ఈ కాలేజీలో వ్యాసరచన నా వంతు, లెక్కలు చదివేవాళ్లకీ వ్యాపారం చదివేవాళ్లకీ మొదటి ఏడాది అందరికీ తప్పనిసరి, మార్కులు మాత్రం మొత్తంలో కలవవు, అంటే ఎవరికీ అక్కర్లేని పాఠం అన్నమాట, నాకు ముందున్నాయన మహానుభావుల జీవితాల మీద వ్యాసాలు రాయించేవాడు, అందరూ ఒకే మహానుభావుణ్ణి ఒకే మాటల్లో పొగిడి ఇచ్చేవాళ్లు, నేను వచ్చి వాటిని పక్కకి నెట్టి జనం చదువుకునేవి తెచ్చాను, వారపత్రికలో కథ, మరకలు పోగొట్టే చిట్కా, సబ్బు ప్రకటన, మనసు విప్పి రాయండి అంటూ పిలిచే సలహాల శీర్షిక, అన్నీ అందులోనే ఉన్నాయర్రా అని చెప్పేవాణ్ణి, కథనం కావాలంటే కథ, ఒక పని ఎలా చెయ్యాలో వరసగా చెప్పడం కావాలంటే మరక చిట్కా, పోలికా తేడా కావాలంటే రెండు సబ్బులు, కారణం ఫలితం కావాలంటే జుట్టెందుకు రాలుతుంది అనే శీర్షిక, చివరి పేరా కోసేసి ఇస్తాను, మీరు పూర్తి చేసి తీసుకురండి అంటాను, అది కూడా నా తెలివి కాదు, మా నాయనమ్మది, గొడ్లకి మేత వెయ్యడానికి నేను బద్ధకిస్తే కథ మొదలుపెట్టి, రాక్షసుడు తలుపు తట్టే చోట టక్కున ఆపేసి, పోయి మేత వేసిరా మిగతాది చెబుతా అనేది, నేను మేత మోస్తూ మోస్తూ ఆ తలుపు నేనే తీసేవాణ్ణి, రాక్షసుణ్ణి నేనే చంపేవాణ్ణి, తిరిగి వచ్చేసరికి ఆవిడ చెప్పే చివర నాకు అక్కర్లేకపోయేది, ఇక చెప్పనా అంటే వద్దులే నాయనమ్మా నాకు తెలిసిపోయింది అనేవాణ్ణి, ఆవిడ నా మొహంలోకి ఓ క్షణం చూసి, సరే అయితే, అని కొంగు దులుపుకుని లేచేది, ఆ చూపు ఈ రోజు ఎందుకు గుర్తొస్తోందో మరి.

సార్, ఏం రాయాలి సార్, అంటున్నారు, సరే, ఈసారి మొదలు రాయండి, అన్నాను, చేతికి వచ్చినదాన్ని పాఠంగా మార్చుకోవడం మా వృత్తిలో అందరికీ వచ్చిన విద్యే, బోర్డు మీద "మొదలు" అని రాసి కింద గీత గీశాను, ఎలా వచ్చాడు ఇక్కడిదాకా ఈ మనిషి, చెప్పండి, వెనక బెంచీలో గడ్డం పెంచుకుని అందరిచేతా కవీ అని పిలిపించుకునేవాడు, దొంగ సార్, అన్నాడు, దొంగకి గోడగడియారం ఎందుకురా, ఇంట్లో ఇంకేమీ దొరకలేదా, అంటే, కొత్త దొంగ సార్, నేర్చుకుంటున్నాడు, అన్నాడు, క్లాసంతా గొల్లుమంది, ముందు బెంచీ అమ్మాయి, గడియారాలు బాగుచేసేవాడండీ, అంది, మరి ఎవరివైపూ చూడకుండా ఎందుకు వెళ్తాడు అని పక్కనున్నది గిల్లింది, డబ్బులివ్వలేదేమో అని ఇంకొకరు, మొగుడూ పెళ్లాం విడిపోయారు సార్, ఆయన వాటాకి గడియారం వచ్చింది, అని నెమ్మదస్తుడొకడు గోడవైపు చూస్తూ అన్నాడు, దానికి ఎవరూ నవ్వలేదు, పొడుగమ్మాయి మాత్రం కాగితం మీద వేలు పెట్టుకుని, ఆమె ఎందుకు నవ్వింది సార్, అదే అర్థం కావడం లేదు, అంది, నువ్వు రాసినదాన్ని బట్టి ఉంటుందమ్మా, అన్నాను, అసలు కథలో ఎందుకు నవ్వింది సార్, అంది, నాకు తెలియదమ్మా, తెలియకూడదు కూడా, తెలిస్తే మీరు రాసినవి దిద్దేటప్పుడు మనసు దానివైపే లాగుతుంది, అన్నాను, ఇది నా నియమం, ఈ నియమం చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది, మరి ఎవరికి తెలుసు సార్, అంది, లైబ్రేరియన్‌గారికి తెలుసు, కోసేది ఆవిడే కదా, అన్నాను, ఆవిడ ఈ రోజు వెళ్లిపోతున్నారు కదా సార్, ఇప్పుడే వెళ్లి అడిగెయ్యండి, తర్వాత ఎవరూ చెప్పరు, అని అమాయకంగా అనేసి కూర్చుంది, నాకు చెంప మీద కొట్టినట్టయింది, సుద్దముక్క విరిగింది.

ఆవిడ ఈ రోజు వెళ్లిపోతోంది, నాలుగింటికి కారు వస్తుంది, అంతలోపల నేను ఆవిడతో ఒక మాట చెప్పాలి, పెద్ద మాటేం కాదు, మీరు వెళ్లాక కూడా మీతో మాట్లాడాలని ఉంది, మీ తమ్ముడి ఊరికి అప్పుడప్పుడు రావచ్చా, ఇంతే, కుర్రవాళ్లు పొద్దున లేచి పళ్లు తోముకుంటూ అనేసే మాట, నాకు మాత్రం ఎన్ని నెలలుగానో గొంతులో వెలక్కాయలా ఉండిపోయింది, ప్రతి ఆదివారం మా చెల్లెలు ఫోన్ చేసి, అన్నయ్యా, తిన్నావా, అంటుంది, తిన్నానంటాను, ఏం తిన్నావు అని అడగదు, అడిగితే నేను అబద్ధం చెప్పాలని దానికి తెలుసు, తర్వాత కొంచెం ఆగి, చెప్పావా ఆవిడతో, అంటుంది, ఏం చెప్పాలి, అంటాను, ఏం చెప్పాలో నేను చెప్పాలా, గంట నుంచి లైబ్రరీ ఆవిడ ఇలా అంది అలా అంది అని నా చెవిలో పోరుతున్నావు, ఆ చెప్పేదేదో ఆవిడ చెవిలో చెప్పు, నాకు చెప్పి ఏం లాభం, అవతల నా పిల్లకి జడ వెయ్యాలి, అని విసుక్కుంటుంది, ఒకసారి మాత్రం విసుగు లేకుండా, నువ్వు మనిషి మాట్లాడుతుంటే వినవన్నయ్యా, దిద్దుతావు, అంది, ఆ రోజు ఫోన్ పెట్టేశాక చూస్తే గదిలో ఒంటికుర్చీ, దాని మీద దిద్దాల్సిన కాగితాల కట్ట, నేను మంచం మీద కూర్చున్నాను, కుర్చీ మీద పిల్లలు కూర్చున్నారన్నమాట, అనుకుని నవ్వుకున్నాను, ఆ నవ్వు ఎవరికీ చెప్పుకోవడానికి పనికొచ్చేది కూడా కాదు.

గంటాయన గంట కొట్టాడు, గంట కొట్టడం తప్ప ఆయన ఇంకా సవాలక్ష పనులు చేస్తాడు కానీ కాలేజీలో ఆయన పేరు గంటాయనే, పిల్లలు పోలోమని బయటపడ్డారు, నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వరండాలోకి వచ్చాను, లోపల ఎక్కడో చిన్న ఆశ లేచి కూర్చుంది, ఇది పొరపాటు కాదేమో, ఇంత చిన్న ముక్క అతికించేటప్పుడు గుడ్డివాళ్లకైనా తెలుస్తుంది కదా, అంతా అయిపోయింది మాస్టారూ, చివర ఇక్కడ ఉంది, ఇక మొదలు మీరు రాయండి, అని ఆవిడ నాకు కబురు పంపిందేమో, పత్రికల్లో కథలు ఇన్నేసి చదివిన మనిషి ఆ మాత్రం చమత్కారం చెయ్యకూడదా, అని నడుస్తుంటే కాళ్లు వాటంతట అవే జోరందుకున్నాయి, మెట్ల దగ్గర మళ్లీ నెమ్మదించాయి, ఏ పద్ధతిలో చెప్పాలి, వర్ణన అయితే, మీరు పుస్తకం మీద దుమ్ము ఊదేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంటారు, అది చూడ్డానికే నేను పై అరలో పుస్తకాలు అడుగుతాను, ఛీ, ఇది చెబితే తుమ్ము వచ్చినట్టు నవ్వుతుంది, నిర్వచనం అయితే, స్నేహమనగా, అని మొదలుపెట్టాలి, పరీక్షాకాగితంలా ఉంటుంది, వర్గీకరణ, నాకు తెలిసిన మనుషులు రెండు రకాలండీ, మీరొక రకం, మిగతావాళ్లొక రకం, ఇది కాస్త బాగానే ఉంది, కానీ గంటాయన పక్కనుంటే వింటాడు, విని కాలేజీ అంతా వాయిస్తాడు, పోలికా తేడా, పత్రికల కోసం వచ్చే మంగళవారాలు మీరుంటారు, మిగతా రోజులు మీరుండరు, కారణం ఫలితం, అందులో ఎటు కారణమో ఎటు ఫలితమో నాకే తేలలేదు, క్లాసుకి పత్రికలు కావాలి కాబట్టి లైబ్రరీకి వెళ్తున్నానా, లైబ్రరీకి వెళ్లాలి కాబట్టి క్లాసులో పత్రికలు పెట్టుకున్నానా, పుస్తకం ఆలస్యమైతే ఈ నంబరుకి చెప్పండి అని తలుపు మీద ఎర్రరంగుతో ఆవిడ ఫోన్ నంబరు, దాని కింద కాలేజీ నియమాలు, తలుపు తోసేసరికి నా దగ్గర ఏ పద్ధతీ మిగల్లేదు.

లోపల బల్లలన్నీ ఖాళీ, పాత కాగితం వాసన, నేలమీద తాళ్లతో కట్టిన పాత పత్రికల కట్టలు, ఆవిడ చీర చెంగు నడుముకి దోపుకుని బల్ల సొరుగు ఖాళీ చేస్తోంది, నన్ను చూసి, రండి మాస్టారూ, మీదే ఆలస్యం, అంది, నేను జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టి, ఈ వారం తల కోసేశారండీ, అన్నాను, గొంతు తేలిగ్గా ఉండేట్టు చూసుకున్నాను, ఆవిడ కాగితం దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, అయ్యో నా మతి మండా, అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నిన్న చదివి కోసి పెట్టుకున్నాను, పొద్దున్నించీ కళ్లజోడు ఎక్కడ పెట్టానో కనిపించక చేత్తో తడుముకుంటూ అతికించేశానండీ, ఇదిగో ఇప్పుడే రిజిస్టర్ల కింద దొరికింది మహాతల్లి, పిల్లలు ఏమన్నారు, అంది, కొత్తగా దొంగతనం నేర్చుకుంటున్న దొంగన్నారండీ, అన్నాను, ఆవిడ బల్ల పట్టుకుని నవ్వింది, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది, నేనూ నవ్వాను, లోపల లేచి కూర్చున్న ఆశ మాత్రం మెల్లిగా దుప్పటి కప్పుకుని పడుకుంది, పొరపాటే, కబురూ లేదు చమత్కారం లేదు, కళ్లజోడు కనపడలేదు, అంతే, నేనే ఊరికే ఒక ముక్కలోంచి ఊరంత అర్థం పిండుకున్నాను, పిల్లలకి వద్దని చెప్పే పనే అది.

ఆవిడ నవ్వు ఆపుకుని అట్టడుగు సొరుగులోంచి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తీసి నా ముందు పెట్టింది, మూత మీద బొమ్మ అరిగిపోయింది, ఇవి తోకలండీ, ఇన్నాళ్లూ మీకోసం కోసినవన్నీ, కొత్తావిడకి ఇస్తే చెత్తబుట్టలో వేస్తుంది, నాకేమో పారెయ్యబుద్ధి కాలేదు, మీ దగ్గర ఉంచండి, ఈ రోజు తల కూడా అందులోనే పడేసి ఉంటాను చూడండి, అంది, అన్నీ దాచారా, అన్నాను, దాచాను మరి, చదివాక పారేస్తామా, ఒకటీ రెండూ బాగున్నాయి, చాలావాటికి చివర ఏం బాగాలేదండీ, చదివి చదివి తీరా అక్కడికొచ్చాక చుట్టచుట్టి అవతల పారేస్తారు, నాకు ఒళ్లు మండేది, ఇంటికెళ్లి గోడలకి చెప్పుకునేదాన్ని, అని నావైపు చూసింది, ఆ చూపు ఎక్కడో చూశాను, కానీ నేను డబ్బా చూస్తున్నాను, డబ్బా అంచున తుప్పు చూస్తున్నాను, ఇప్పుడు చెప్పాలి, ఇదే సందు, వరండాలో ఎవరూ లేరు, గంటాయన చీపురు చప్పుడు అవతలి గదిలో ఉంది, నోరు తెరిచాను, తెరిచిన నోటిలోంచి ప్రతి మంగళవారం వచ్చే మాటే వచ్చింది, వచ్చే వారానికి కారణం ఫలితం కావాలండీ, కొంచెం చిన్నది చూడండి, అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నన్ను అలాగే చూసి, ముందు పెదవులు నవ్వాయి, కళ్లు కాస్త ఆలస్యంగా నవ్వాయి, వచ్చే వారం కొత్తావిడని అడగండి మాస్టారూ, ఆవిడకి కత్తెర ఎక్కడుందో చూపించాను లెండి, అంది, నాకు భూమిలోకి పోతే బాగుండుననిపించింది, అలవాటులో, అన్నాను, అలవాటేగా, పోనీండి, అంది, అంతలో గంటాయన తలుపులోంచి తల పెట్టి, అమ్మా, స్టాఫ్ రూములో అందరూ మీకోసం చూస్తున్నారు, టీ చల్లారిపోతే మళ్లీ కాయమంటారు, నా వల్ల కాదు, అన్నాడు, ఆవిడ చెంగు విప్పి సవరించుకుని వెళ్లింది, నేను డబ్బా చంకలో పెట్టుకుని వెనక నడిచాను, స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు ఆవిడ సేవల గురించి మాట్లాడాడు, ఎవరి సేవల గురించైనా ఆయన అదే మాట్లాడతాడు, సూట్‌కేసు ఒకటి బహూకరించారు, ప్రిన్సిపాల్ నావైపు తిరిగి, వ్యాసరచన మాస్టారు రెండు మాటలు చెప్పాలి, మాటలు మీ సొత్తు కదా, అంది, అందరూ నవ్వారు, నేను లేచి నిలబడి, లైబ్రేరియన్‌గారి సహకారం మరువలేనిది, అన్నాను, సహకారం, మరువలేనిది, పిల్లలెవరైనా రాస్తే ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి పక్కన, ఈ మాట ఎవరిది, నీదేనా, అని రాసేవాణ్ణి, నాలుగింటికి కారు వచ్చింది, తమ్ముడు పెద్దమనిషి, ఏం మోయనివ్వకుండా అన్నీ తనే మోశాడు, ఆవిడ అద్దం దించి అందరికీ చెయ్యి ఊపింది, నా దగ్గరకొచ్చేసరికి, తోకలు జాగ్రత్త మాస్టారూ, అంది, పక్కనున్న లెక్కల మాస్టారు తోకలేమిటండీ అన్నాడు, నేను జవాబు చెప్పేలోపల కారు గేటు దాటింది, జవాబు అక్కర్లేక ఆయనా వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు, ఇంట్లో కుర్చీ ఉంది, దాని మీద కాగితాలు ఉన్నాయి, వెళ్తే అవి లేచి నాకు చోటిస్తాయా, మళ్లీ అదే క్లాసు గదికి వచ్చాను, ఎండ పల్చబడి కిటికీలోంచి పొడుగమ్మాయి బెంచీ మీద పడుతోంది, బోర్డు మీద "మొదలు" ఇంకా ఉంది, కింద గీత, విరిగిన సుద్దముక్క, అక్కడే కూర్చుని డబ్బా మూత తీశాను, రేకు కీచుమంది, లోపల తోకలు, వందలు ఉంటాయి, కాగితం పాతదయ్యేకొద్దీ టీ రంగు, ఒకటి తీశాను, "ఇంతకీ ఆ చెప్పులు ఎవరివో ఎవరికీ చెప్పలేదు" అని ఉంది, ఇంకొకటి, "కాబట్టి చెల్లీ, తాళంచెవి ఆయనకే ఇచ్చెయ్యి", ఇంకొకటి, "మూత తీసి చూడండి, రంగు మారి ఉంటే కంగారు పడవద్దు", నవ్వొచ్చింది, ఏ చెప్పులు, ఏ తాళంచెవి, దేనికి రంగు మారింది, ఒక్కదానికీ తల గుర్తు రాలేదు, అన్నీ నేను క్లాసులో బోర్డు దగ్గర నిలబడి చెప్పించినవే, చివరలు పిల్లలు నాకు వందల రకాలుగా రాసి ఇచ్చినవే, దిద్దాను, మార్కులు వేశాను, ఒక్కదాని అసలు చివర ఏమిటో ఇన్నాళ్లలో ఒక్కసారి అడగలేదు, ఆవిడ మాత్రం చెప్పబోయేది, అవును, మంగళవారం కాగితాలు చేతికిస్తూ, చివర భలే ఉంది మాస్టారూ, అనో, చివర చదివితే మీరు పత్రిక చింపేస్తారు, అనో అనేది, నేను చెయ్యి అడ్డం పెట్టి, చెప్పకండి చెప్పకండి, నాకు తెలియకూడదు, అనేవాణ్ణి, గర్వంగా అనేవాణ్ణి, నియమం కదా, ఆవిడ నోటిదాకా వచ్చింది మింగేసి, సరే లెండి, అనేది, సరే అయితే అని కొంగు దులుపుకుని లేచినట్టే, అదే చూపు, మేత మోసి వచ్చి నాకు తెలిసిపోయిందన్నప్పుడు మా నాయనమ్మ చూసిన చూపు, ఇందాక లైబ్రరీలో గోడలకి చెప్పుకునేదాన్ని అన్నప్పుడు చూసిన చూపు.

డబ్బాలో అన్నిటికన్నా పైన మడతపెట్టి ఉంది ఈ రోజు తల, పొడుగుపాటి కాగితం, ఆవిడ గుడ్డిగా డబ్బాలో పడేసింది, జేబులోంచి ముక్క తీసి దాని కింద ఆనించాను, కత్తెర వంకర గీత రెండూ సరిగ్గా కలిశాయి, ఇన్నేళ్లలో నా చేతిలో తలా తోకా ఉన్న కథ ఇదొక్కటే, చదివాను, ముసలామె పోయింది, కొడుకులు సామాన్లు పంచుకుంటున్నారు, మంచాలు పెద్దవాడికి, గిన్నెలు రెండోవాడికి, చిన్నవాడికి గోడగడియారం, అది నడవదు, పెద్దకోడలు అది మీకు భలే వచ్చింది మరిదీ అని నవ్వుతుంది, ముసలామె పోయేముందు తన బంగారు గాజులు విప్పి ఆ గడియారం కడుపులో దాచిందని చదివేవాళ్లకి మొదట్లోనే చెప్పాడు రాసినాయన, ఇంట్లో ఎవరికీ తెలియదు, గడియారం నడిచిన రోజుల్లో వారం వారం దానికి కీ ఇచ్చింది ఈ చిన్నవాడే, వాడు దాన్ని దించి, సంచిలో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగాడు, పైనుంచి ఆమె నవ్వు వినిపించింది, అయిపోయింది, కాగితం తిప్పి చూశాను, నిజంగానే అయిపోయింది, ఇదేమిటయ్యా ఇది, అని పైకే అనేశాను, వాడికి తెలుసా తెలియదా, తెలిసే ఎవరివైపూ చూడలేదా, తెలియక సిగ్గుపడి చూడలేదా, చుట్టచుట్టి అవతల పారేశాడు, ఒళ్లు మండదూ మరి, అని పక్కకి తిరిగాను.

పక్కన ఎవరూ లేరు, ఖాళీ బెంచీలు వరసగా నావైపే చూస్తున్నాయి, నా మాట గోడకి తగిలి నా దగ్గరికే వచ్చింది, అప్పుడు తెలిసింది, తిరిగిన మెడ తిరిగినట్టే ఉండిపోయి, అప్పుడు తెలిసింది, ఆవిడ ఇన్నాళ్లూ ఇలాగే తిరిగింది, వారం వారం నాకోసం కథ మొత్తం చదివి, కోసి, తోక డబ్బాలో వేసి, ఇంటికెళ్లి ఇలాగే పక్కకి తిరిగింది, చూస్తే గోడ, మర్నాడు కౌంటరు ఇవతల నిలబడ్డ నన్ను చూసి, ఈ మనిషి ఒక్కసారి చివర ఏమైందండీ అంటే చాలు, అనుకుని నోరు తెరిస్తే, చెయ్యి అడ్డం పెట్టాను, కౌంటరుకి అటు ఒకరూ ఇటు ఒకరూ, నడుమ కత్తెర, నేను ఆవిడకి చెప్పాల్సిన మాట ఏ పద్ధతిలో చెప్పాలా అని నెలల తరబడి తల బద్దలు కొట్టుకున్నాను, చెప్పడం నా పని కానే కాదు, అడగడం నా పని, అంత చిన్న పని, గంటాయన వచ్చి తాళం వెయ్యాలి మాస్టారూ అంటున్నాడు, వస్తున్నానయ్యా, ముందు లైబ్రరీ దాకా వెళ్లాలి, తలుపు మీద నంబరు చూసుకోవాలి, కారు ఇంకా దారిలోనే ఉంటుంది, ఎత్తగానే బాగున్నారా చేరారా ఏమీ అనను, మీ ఊరు రావచ్చా అని కూడా ఇప్పుడే అనను, అదంతా తర్వాత, వారం వారం కీ ఇచ్చినవాడికి లోపల ఏముందో తెలియకుండా ఉంటుందా, ఆవిడ పూర్తిగా చదివింది, ఆవిడనే అడగాలి, చివర చదివానండీ, ఏం బాగాలేదు, ఇంతకీ ఆ చిన్నవాడికి తెలుసంటారా, తెలియదంటారా.